మద్దయ్య కట్టించిన పట్టుచీర

ఎమ్మిగనూరు బస్టాండు ఎదురు సందులో మద్దయ్య ఫొటో స్టూడియో ఉంది. బోర్డు మీది అక్షరాలు సగం ఎండకు ఎగిరిపోయాయి. లోపల మాత్రం ముదురు నీలం కోటొకటి, దాని మెడలో ఎర్ర టై, జేబులో నల్ల కళ్ళద్దాలు ఇప్పటికీ కొక్కేనికి వేలాడుతూనే ఉంటాయి. చుట్టుపక్కల పల్లెల్లో నలభై దాటిన మగవాళ్ళలో ఆ కోటు తొడగనివాడు ఉన్నాడంటే నమ్మడం కష్టం. పెళ్ళిచూపులకు ఫొటో కావాలని వచ్చిన కూలివాడు కింద లుంగీ ఉండగానే పైన కోటేసుకుని, నడుం దాకా ఫొటో దిగి, కలెక్టరు మాదిరి మెట్లు దిగి పోయేవాడు. కింద లుంగీ ఉన్న సంగతి ఫొటోకు తెలియదు కదా.

మద్దయ్యకు స్టయిలు పిచ్చి. పిచ్చి అంటే మామూలు పిచ్చి కాదు. నెలకోసారి ఆదోనికి పోయి, పాత పేపర్ల అంగట్లో తూకానికి పడి ఉన్న ఇంగ్లీషు పత్రికలన్నీ తిరగేసి, ఫ్యాషన్ బొమ్మలున్న పేజీలు ఏరుకొచ్చేవాడు. ఆ బొమ్మలో ఆడపిల్ల ఎంత అందగత్తె అయినా సరే, అతని కన్ను ముందు పోయేది పేజీ మూలన చీమలంత అక్షరాల్లో ఉండే ఫొటోగ్రాఫరు పేరు మీదికే. కూడబలుక్కుని ఆ పేరు చదివి, బొమ్మను నోటుబుక్కులో అతికించి, రాత్రి అన్నం ముందు కూర్చుని భార్యకు చూపించేవాడు.

"ఈయప్పను సూడు జయా. ఆ పిల్లకు గోనెపట్టా కట్టించినాడు. అయినా రాణి మాదిరి లేదా? ఈయప్ప తీసింది బట్టను కాదు. బట్ట మీద పడే ఎలుతురును."

జయమ్మకు ఆ వెలుతురు సంగతి అంతగా తెలియదు. ఆమె నాన్న ఆదోని పత్తి మార్కెట్లో హమాలీ. ఆమెకు తెలిసింది పత్తి, పత్తి దుమ్ము. కానీ అన్నం చల్లారిపోతున్నా ఎవరో ముక్కూ మొహం తెలియని ఫొటోగ్రాఫర్లను తన తోడబుట్టినవాళ్ళలా పొగిడే మొగుణ్ణి చూస్తే మాత్రం ఆమెకు అబ్బురంగా ఉండేది. ఈమాత్రం పిచ్చి తమ సందులో ఇంకే మగవాడికి ఉంది? వాళ్ళకు బీడీల మీద తప్ప దేని మీదా ప్రేమ లేదు.

పెళ్ళిచూపులనాడే ఆమెకు మొదటి దెబ్బ తగిలింది. అందరూ పిల్ల మొహం చూస్తూంటే, ఈ పెళ్ళికొడుకు లేచొచ్చి, ఆమె భుజం మీద చీర మడత వంకరగా ఉందని తన వంకర చూపుడు వేలితో సరిచేసి, మళ్ళీ పోయి కూర్చున్నాడు. జయమ్మ కొయ్యబారిపోయింది. చివరికి ఆమె నాన్నే పగలబడి నవ్వి, "ఈడెవడో బట్టల విలువ తెలిసినోడు, ఇచ్చేద్దాం" అన్నాడు. అట్లా ఖాయమైంది ఆ పెళ్ళి.

పెళ్ళయిన నెలకే మద్దయ్య ఆమెను స్టూడియోలో కూర్చోబెట్టి ఫొటో తీశాడు. ఆదోని బట్టల బజారులో నాన్న కొనిచ్చిన వంకాయ రంగు పట్టుచీర, మామిడి పిందెల అంచు. తీరా కూర్చున్నాక జాకెట్టు భుజం దగ్గర కుట్టు విడిపోయింది. మద్దయ్య ఏమాత్రం కంగారుపడకుండా డ్రాయరులోంచి పిన్నీసు తీసి గుచ్చాడు. ఎడమ మెడ ఎముక మీద చిన్నప్పుడు వేడి సంకటి పడి కాలిన మచ్చ కనబడుతుందని ఆమె కొంగు లాక్కుంటే, "ఉండనీ, అదే నీ నగ" అన్నాడు. తర్వాత కెమెరా వెనక్కి పోయి, "గడ్డం కిందికి. కన్ను పైకి" అన్నాడు. ఆమె గడ్డం దించి చూపు ఎత్తింది. ఎడమ కనుబొమ ఒక్కటే ఎందుకో పైకి లేచింది. టక్కుమంది కెమెరా.

ఆ రెండు మాటలు మద్దయ్య అందరికీ చెప్తాడు. పెళ్ళికూతురికీ అవే, రేషన్ కార్డు ఫొటోకొచ్చిన ముసలమ్మకూ అవే. వినీ వినీ జయమ్మకు ఒంట్లో పట్టేశాయి.

ఆ ఫొటో ఇంట్లో చాలా ఏండ్లు గోడకు ఉంది. ఒక వానాకాలం కప్పు కారి, నీళ్ళు ఫ్రేములోకి దిగి, ఫొటో అద్దానికి అతుక్కుపోయింది. లాగితే మొహం అద్దంతో పాటు ఊడొచ్చింది. జయమ్మ రెండు రోజులు ఏడ్చింది. ఆ తర్వాత మద్దయ్య ఎన్నిసార్లు అడిగినా కెమెరా ముందు కూర్చోలేదు. "ఆ మొగమే పోయినాక ఇంగ ఈ మొగానికి ఫొటో ఎందుకప్పా" అనేది.

ఇంతలో ప్రతి చేతిలోకీ సెల్‌ఫోను వచ్చింది. కోటు కోసం వచ్చేవాళ్ళు మానేశారు. చివరికి మద్దయ్యకు మిగిలింది పాస్‌పోర్టు ఫొటోలు, చనిపోయినవాళ్ళ ఫొటోలు. మనిషి పోయాక ఇంట్లోవాళ్ళు ఆధార్ కార్డో ఉపాధి హామీ కార్డో పట్టుకొస్తారు. అందులోని గోరంత బొమ్మను మద్దయ్య కంప్యూటర్లో పెద్దది చేసి, మూతపడిన కన్ను తెరిపించి, చెదిరిన జుట్టు దువ్వి, మంచి బట్టలు తొడిగి, గోడకు తగిలించే ఫ్రేములో పెట్టి ఇస్తాడు. సందులోవాళ్ళు "సచ్చినోళ్ళ దర్జీ" అని ఎగతాళి చేసినా మద్దయ్య నవ్వేవాడు. "నా దగ్గరికొచ్చినోడు చినిగిన బనీనుతో గోడెక్కడు" అనేవాడు. మగవాళ్ళకు నీలం కోటు వేస్తాడని జయమ్మకు తెలుసు. ఆడవాళ్ళకు ఏమి వేస్తాడో ఆమె ఎప్పుడూ అడగలేదు. అంగడి ఆయనది, ఇల్లు ఆమెది, అంతే.

మొన్న భాద్రపదంలో, పెద్దల అమావాస్య ఇంకా నాలుగు రోజులుందనగా, వెనక సందు భీమక్క వాళ్ళ అమ్మ పదకొండో దినం జరిగింది. జయమ్మ పోయింది. పంచలో కుర్చీ మీద ఫొటో పెట్టి, బంతిపూల దండ వేసి, ముందర దీపం పెట్టారు. జయమ్మ దండం పెట్టుకుని తలెత్తింది.

మొహం భీమక్క వాళ్ళ అమ్మదే. అనుమానం లేదు. ఆ లోపలికి పోయిన బుగ్గలు, ఆ వంకర ముక్కు ఆమెవే. కానీ గడ్డం కింద నుంచి వంకాయ రంగు చీర. మామిడి పిందెల అంచు. భుజం మీద పిన్నీసు. ఎడమ మెడ ఎముక మీద కాలిన మచ్చ.

జయమ్మ చెయ్యి దానంతట అదే మెడ మీదికి పోయి మచ్చను తడుముకుంది. మచ్చ ఉంది. ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. అక్కడ దాని మీద దండ కూడా ఉంది.

"సూడు జయక్కా, మద్దయ్యన్న ఎంత సక్కగ చేసినాడో" అంది భీమక్క, కళ్ళు తుడుచుకుంటూ. "మాయమ్మ పుట్టి బుద్ధెరిగినాక పట్టుసీర కట్టింది ల్యా. ఎప్పుడు సూసినా మానాయన పాత సొక్కా పైన ఏసుకోని పత్తి ఇడిపిచ్చేకి పోతాండె. సచ్చినాకన్నా కట్టుకునె."

జయమ్మ తల ఊపింది. విస్తరి ముందు కూర్చుంది. ఎదురుగా కుర్చీలోంచి తన మెడే తనను చూస్తున్నట్టుంది. సగంలో లేచి, కడుపులో బాగాలేదని చెప్పి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా స్టూడియోకు వచ్చి పడింది.

మద్దయ్య కంప్యూటరు ముందు ఉన్నాడు. తెర మీద, తల లేని వంకాయ రంగు చీర. మెడ దాకా ఉంది, ఆ పైన తెల్లగా ఖాళీ. పక్కన ఎవరిదో ఆధార్ మొహం, అతుక్కోవడానికి సిద్ధంగా ఉంది.

జయమ్మ తలుపు పట్టుకుని నిలబడింది.

"ఏమప్పా! అది నేను గదా?"

"నువ్వే. ఇంగెవరు?" అన్నాడు మద్దయ్య, ఆమె ఎందుకు ఆయాసపడుతోందో అర్థం కాక.

"ఎన్నాళ్ళ నుంచి ఈ పని?"

"కంప్యూటరు కొన్నప్పట్నుంచి. పదహైదేండ్లు పైనే."

"పదహైదేండ్లా!" జయమ్మ కేక సందు చివరికి వినిపించి ఉంటుంది. "పదహైదేండ్ల నుంచి ఊరూరా గోడల మీద నా మెడకు దండలేపిచ్చినావా? నేను బతికుండంగనే?"

మద్దయ్య నిజంగా నివ్వెరపోయాడు. ఆయన బుర్రకు ఆ ఆలోచన ఒక్కనాడూ తట్టలేదు. ఆయనకు అది భార్య కాదు, చీర. చీర మీద పడిన వెలుతురు. "అంత బాగా పడిన మడత ఇంగ యాడ దొరుకుతాదే?" అన్నాడు మెల్లగా. "తరువాత ఎంతమందివి తీసినా. ఆ భుజం రాలేదు. నాకు తెలిసిన పెద్ద పెద్ద ఫొటోగ్రాఫర్లు సూసినా మెచ్చుకుంటారు."

ఇంకొకరైతే ఆ మాటకు కరిగిపోయేవాళ్ళేమో. జయమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. తెర మీది తెల్లటి ఖాళీ చూపించి అడిగింది.

"మరి నా తల యాడ?"

మద్దయ్య చెవి గోక్కున్నాడు. ముప్పై రెండేండ్ల కాపురంలో ఆ చెవి సంగతి ఆమెకు బాగా తెలుసు. అబద్ధం చెప్పబోయే ముందు గోక్కుంటాడు.

"ఇంట్లో ఫొటో తడవకముందే కంప్యూటర్లోకి ఎక్కించింటి. ఆ పాత కంప్యూటరు కాలిపోయినప్పుడు అదీ పోయె. తల తీసేసిందొకటే మిగిలె."

"సెవి ఇడిసి సెప్పు."

మద్దయ్య చెయ్యి కిందికి దించాడు. తర్వాత నేల చూస్తూ అసలు సంగతి చెప్పాడు. పన్నెండేండ్ల కింద సి.బెళగల్ పక్క పల్లె నుంచి దుర్గప్ప అనే పిల్లవాడు వచ్చాడు. పెళ్ళి పెట్టుకున్నాడు. పెళ్ళిలో అమ్మ ఫొటో ముందు పసుపు కుంకుమ పెట్టాలి. ఆ అమ్మ అతనికి ఎనిమిది నెలలప్పుడు జ్వరంతో పోయింది. ఫొటో లేదు, కార్డు లేదు, ఏమీ లేదు. "పెద్దోళ్ళు సెప్తే ఇని గీయగలవాన్నా?" అని అడిగాడు. మద్దయ్య సరే అన్నాడు. ఊరికి పోయి విచారించాడు. ఒకరు కోల మొగమన్నారు, ఒకరు గుండ్రమన్నారు. ఒకరి కన్ను, ఇంకొకరి ముక్కు తెచ్చి అతికించి నెల రోజులు కూర్చున్నాడు. ఏది చేసినా దయ్యం మాదిరి వచ్చింది. పెళ్ళి రెండు రోజులుందనగా దుర్గప్ప వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అప్పుడు నీ ఫొటో ఇచ్చినా" అన్నాడు మద్దయ్య. "తలతో సహా. గీసినానని సెప్పినా. ఆ పిల్లోడు సూసి ఆన్నే కూలబడి ఏడ్చె. ఇదే మాయమ్మ, నాకు తెలుచ్చాండాది అనె. ఆ మాట ఇన్నాక నేను నోరెట్ల తెరుద్దును? ఎవరి కంటా పడగూడదని కంప్యూటర్లో తల ఆ పొద్దే చెరిపేస్తి, మన గోడది తడిసినాక ఇంగోటి తీసియ్యలేకపోతి."

జయమ్మ ఇంతసేపూ పోయింది మెడే అనుకుంది. ఇప్పుడు మొహమూ పోయింది. అద్దంతో ఊడిపోయిందని తాను రెండు రోజులు ఏడ్చిన మొహం ఎవరి ఇంట్లోనో భద్రంగా ఉంది. ఏటా దండ వేయించుకుంటోంది. మళ్ళీ నాలుగు రోజుల్లో పెద్దల అమావాస్య. మళ్ళీ కొత్త దండ.

"ఈసారి దండెయ్యకముందే పోవల్ల" అంది. "ఆ ఫొటో నా సేతికి రావల్ల. ఎట్ల అడుగుతావో నీ ఇష్టం."

మద్దయ్య రేపు, మాపు అని మూడు రోజులు గడిపాడు. నాలుగో రోజు పొద్దున్నే జయమ్మ బండి పక్కన చెంగు దోపుకుని నిలబడింది. మద్దయ్య కెమెరా సంచీ భుజాన వేసుకుని బండి తీశాడు. కెమెరా లేకుండా ఆయన కాలకృత్యాలకు కూడా పోడు.

పత్తి పగిలే కాలం. దారి పొడుగునా చేలు తెల్లగా ఉన్నాయి. బెళగల్లో చాయ్ తాగుదామని ఆగారు. హోటలాయన చాలా మర్యాదస్తుడు. మద్దయ్యను చూడగానే గ్లాసులు కడిగి మరీ పోశాడు. "మా అమ్మా నాయనల ఫొటో నువ్వు చేసిందే గదన్నా" అని గల్లాపెట్టె పైన గోడ చూపించాడు.

జయమ్మ చూసింది. ఒకే ఫ్రేములో జంట. ఆడమనిషికి వంకాయ రంగు చీర, పిన్నీసు, మచ్చ. మగమనిషికి నీలం కోటు. కోటు చేతికి మద్దయ్య వంకర చూపుడు వేలు. అంటే ఆ కోటులో ఉన్నది కూడా ఈయనే. తలకాయలు ఎవరివో రెండు, కింద మొగుడూ పెళ్ళాలు మాత్రం వీళ్ళే. ఇద్దరికీ కలిపి ఒకే పెద్ద దండ. ఆ పొద్దున్నే వేశారేమో, పూల మీద నీళ్ళు కూడా ఆరలేదు.

"నిన్ను గూడా సంపుకున్నావా!" అంది జయమ్మ, గొంతు తగ్గించి.

"నిన్నొక్కదాన్నే పంపితే బాగుండదని" అన్నాడు మద్దయ్య.

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండింటినీ మింగి గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

వాళ్ళు చేరేసరికి ఆలస్యం కానే అయింది. దుర్గప్ప ఇంటి గడపకు పసుపు పూసి ఉంది. వంటింట్లో అతని భార్య నూనెలో వడలు వేస్తున్న చప్పుడు. నడి ఇంట్లో గోడకు ఫొటో. ఫొటోకు అప్పుడే వేసిన కొత్త దండ. ముందర విస్తరిలో అన్నం, దాని పక్కన మడత విప్పని నేత చీర, జాకెట్టు గుడ్డ, పసుపు, కుంకుమ.

జయమ్మ గుమ్మం దాటి రెండు అడుగులు వేసి ఆగిపోయింది. ఇరవై ఏండ్ల పిల్ల గోడ మీద నుంచి ఆమెను చూస్తోంది. ఎడమ కనుబొమ పైకెత్తి, ఇంతసేపు యాడికి పోయినావు అన్నట్టు చూస్తోంది. తాను ఇంత బాగుండేదా? ఆ సంగతి ఎవరూ చెప్పలేదే. ఈయన చెప్పాడేమో, బట్టల గురించి చెప్పాడనుకుని తాను వినలేదేమో.

దుర్గప్ప ముప్పై అయిదేండ్ల మనిషి. మద్దయ్యను చూడగానే పరిగెత్తుకొచ్చి చేతులు పట్టుకున్నాడు. "అన్నా, ఈ దినమే వచ్చినావా! నువ్వు లేకుంటే మాయమ్మ యాడుండె? విత్తనం పెట్టినా ఆమెకు సెప్పే పెడతా. బోరు ఏసినా ఆమెకు సెప్పే ఏచ్చా." జయమ్మ వైపు తిరిగి, "కూర్చో పెద్దమ్మా. మాయమ్మ ముత్తైదువగా పోయింది. ఏటేటా సీర పెట్టి ఒక ముత్తైదువకు ఇచ్చాము. ఈసారి నువ్వొచ్చినావు, నీకే" అన్నాడు.

దారంతా జయమ్మ మాటలు పేర్చుకుంటూ వచ్చింది. ఇది నా ఫొటో నాయనా, నేను బతికున్నా, దించు అనాలి. అంతే. నాలుగు మాటలు. అవి అనకుండా మద్దయ్య వైపు చూసింది. ఆయన చెవి దగ్గరికి పోతున్న చెయ్యిని మధ్యలో ఆపుకున్నాడు.

"కెమెరా తెచ్చినావు గదన్నా, అమ్మ దగ్గర నాకొక ఫొటో తీయి. పెద్దమ్మ గూడా రానీ" అన్నాడు దుర్గప్ప. వద్దనడానికి ఇద్దరికీ కారణం దొరకలేదు. గోడ మీది ఫొటోకు అటు దుర్గప్ప, ఇటు జయమ్మ నిలబడ్డారు. మద్దయ్య కెమెరా ఎత్తాడు. కెమెరా కంటికి ఆనితే చాలు, ఆయన నోరు ఆయన మాట వినదు.

"గడ్డం కిందికి. కన్ను పైకి."

జయమ్మ గడ్డం దిగింది. చూపు పైకి లేచింది. ఎడమ కనుబొమ ఒక్కటే పైకి పోయింది. టక్కుమంది.

దుర్గప్ప ఉత్సాహంగా వచ్చి కెమెరా వెనకున్న చిన్న తెరలోకి తొంగి చూశాడు. నవ్వు మొహం మీదే ఆగిపోయింది. తెర చూశాడు. గోడ చూశాడు. జయమ్మను చూశాడు. ఆమె మెడ మీద మచ్చ చూశాడు. మళ్ళీ గోడ చూశాడు. వంటింట్లో నూనె చప్పుడు ఆగింది. అతని భార్య జల్లెడ గరిటె చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అమ్మా" అన్నాడు దుర్గప్ప. "నువ్వు బతికే ఉండావా?"

ఆ ఫొటోలో ఉన్నది నేనే, బతికే ఉన్నానని చెప్తే ఒక మనిషి తల్లి రెండోసారి చనిపోతుంది. కాదని చెప్పడానికి ఆమె మొహమే ఒప్పుకోదు. జయమ్మ అవునన్నట్టు తల ఊపింది.

దుర్గప్ప మద్దయ్య వైపు తిరిగాడు. కోపం కాదు అది. దెబ్బ తగిలాక నొప్పి తెలియడానికి ముందు ఉండే చూపు. "గీసినానంటివి గదన్నా."

"నాకు రాలేదప్పా" అన్నాడు మద్దయ్య. "నెల దినాలు సూసినా. రాలేదు. నా దగ్గరుండే దాంట్లో మంచిదే ఇచ్చినా." ఆ మాట అంటూ ఆయన చిన్నపిల్లవాడిలా ఏడ్చేశాడు. జయమ్మ ఆయన ఏడవడం చూసింది అదే మొదలు. సొంత నాన్న పోయినప్పుడు కూడా ఈ మనిషి దండ సరిగ్గా పడలేదని సర్దుతూ కూర్చున్నాడు.

దుర్గప్ప గోడ దగ్గరికి నడిచాడు. ముందు దండ తీశాడు. బతికున్న మనిషికి దండ వేశానన్న భయంతో గబగబా తీశాడు. తర్వాత రెండు చేతులా ఫ్రేమును మేకు మీద నుంచి ఎత్తి, పైపంచెతో అద్దం తుడిచి, జయమ్మ చేతుల్లో పెట్టాడు. "నీదే గదమ్మా. తీస్కపో."

ఆమె వచ్చిన పని అయిపోయింది. ఫొటో చేతిలో ఉంది. ఎవరితోనూ తగవు పడలేదు. కానీ గోడ మీద ఫ్రేము ఉన్నచోట సున్నం తెల్లగా నలుచదరంగా మిగిలి, చుట్టూ పన్నెండేండ్ల పొగ పట్టి ఉంది. దుర్గప్ప ఆ ఖాళీ వైపు చూస్తూ నిలబడ్డాడు. స్టూడియో తెర మీద చీర పైన చూసిన ఖాళీ జయమ్మకు గుర్తొచ్చింది. అదీ ఇదీ ఒకే రంగు.

"మీయమ్మ పేరేమప్పా?" అని అడిగింది.

"ఈరమ్మ."

"ఒక సెంబు తీస్కరా."

దుర్గప్ప భార్య రాగి చెంబు తెచ్చింది. జయమ్మ దాని నిండా నీళ్ళు పోయించి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, విస్తరి ముందర నిలిపింది. "ఈ పొద్దు నుంచి ఇది ఈరమ్మ. ఈమెకు పెట్టు. ఎట్లుంటాదో ఎవరికీ తెలీనప్పుడు ఎట్లన్నా ఉండనీ." తర్వాత ఫొటో తీసుకుని, పీట ఎక్కి, తన చేతులతోనే మళ్ళీ ఆ మేకుకు తగిలించింది. వంకరగా పడింది. మద్దయ్య కళ్ళు తుడుచుకుంటూనే వచ్చి, వేలితో ఒక పక్క పైకి నెట్టి సరిచేశాడు.

దుర్గప్పకు ఏమి జరుగుతోందో అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నేత చీర తీసి రెండు చేతులా పట్టుకున్నాడు. "పన్నెండేండ్లుగా నీ ముందరనే పెడతాండా. ఎవరెవరికో ఇచ్చినా. ఈసారన్నా నువ్వే తీసుకోమ్మా."

జయమ్మ కొంగు పట్టి చీర తీసుకుంది. నలుగురూ అక్కడే కూర్చుని భోంచేశారు. వడలు బాగా వేగాయి.

బయలుదేరేటప్పుడు దుర్గప్ప గడప దాకా వచ్చాడు. బంతిపూల దండ ఇంకా అతని చేతిలోనే ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియక ఇంతసేపూ పట్టుకునే తిరుగుతున్నాడు.

"దీన్నేం సేయల్లమ్మా?"

"ఈరమ్మ సెంబుకు సుట్టు" అంది జయమ్మ, బండి ఎక్కుతూ. చీర పొట్లం ఒడిలో సర్దుకుని, గోడ మీది పిల్లను గుమ్మంలోంచి మరొక్కసారి చూసింది. "నాకు మాత్రం ఇప్పుడొద్దు నాయనా. నేను పోయినప్పుడు నీకు కబురొచ్చాది. అప్పుడొచ్చి ఎయ్యి."